ఐటీ సపోర్ట్‌లో నన్ను నిలబెట్టింది టికెట్ నోట్స్: కర్నూలు ఆసుపత్రిలో నా అనుభవం

డిగ్రీ కాగానే ఐటీ సపోర్ట్‌లో చేరాలా, లేక సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం ఆగాలా అని మా వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అడుగుతున్నారు. చాలామంది బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవాళ్లే. హైదరాబాద్ వెళ్లి హాస్టల్ ఫీజు, కోర్సు ఫీజు కట్టే స్తోమత లేక కర్నూలులోనే ఏదో ఒకటి మొదలుపెడదామని చూస్తున్నారు. నేనూ అలాగే మొదలుపెట్టాను కాబట్టి ఈ పని నాకు ఎలా ఒంటబట్టిందో రాస్తున్నాను. సర్టిఫికెట్ల సంగతి తర్వాత వస్తుంది. ముందు నన్ను ఇందులో నిలబెట్టింది మా సీనియర్ అన్న పట్టుబట్టి చేయించిన ఒక అలవాటు: ఏ కాల్‌కి వెళ్లినా అక్కడ ఏం జరిగిందో పూర్తిగా రాసి పెట్టడం.

మా ఊరు కోడుమూరు దగ్గర. నాన్న ఉల్లి, పత్తి వేస్తారు. చదువయ్యాక సి క్యాంపు దగ్గర ఒక కంప్యూటర్ సర్వీస్ షాపులో చేరాను. జీతం 11 వేలు. గాయత్రీ ఎస్టేట్ వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి ఏఎంసీ ఆ షాపుకి ఉండేది. ఏడాదికింత అని మాట్లాడుకుని అక్కడి సిస్టమ్‌లన్నీ చూసుకోవాలన్నమాట. కొన్నాళ్లకే నన్ను పూర్తిగా ఆసుపత్రిలోనే ఉండమని పంపారు.

బిల్లింగ్, ఫార్మసీ, ల్యాబ్, స్కానింగ్, వార్డుల్లో నర్సింగ్ స్టేషన్లు, ఆరోగ్యశ్రీ డెస్క్, అన్నీ కలిపి వందకు పైగా సిస్టమ్‌లు. పొద్దున ఓపీ కౌంటర్ ముందు నిలబడేవాళ్లలో సగం మంది బయటి ఊళ్లవాళ్లే. ఆదోని, ఎమ్మిగనూరు నుంచి వస్తారు, తుంగభద్ర అవతల అలంపూర్, గద్వాల నుంచి వస్తారు, రాయచూరు నుంచీ వస్తారు. తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన మనిషి, పక్కన నొప్పితో కూర్చున్న మనిషిని పెట్టుకుని లైన్లో నిలబడి ఉంటాడు. కౌంటర్‌లో సిస్టమ్ ఆగిందంటే అతను ఆగిపోయినట్టే. చేరిన కొత్తలోనే ఇది కళ్లారా చూశాను. ఇది చిన్న ఉద్యోగమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మా సీనియర్ది ఆదోని. మొదటి వారం నాకు సిస్టమ్ ముట్టుకునే పనే ఇవ్వలేదు. కేబుల్ చివర కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్, ఆర్‌జే 45 కనెక్టర్ల డబ్బా, నెట్‌వర్క్‌కి వాడే క్యాట్ 6 కేబుల్ ముక్కలు ముందు పెట్టి కేబుళ్లు చేయమన్నాడు. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. కేబుల్ లోపలి ఎనిమిది తీగల ఈ రంగుల వరుస నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఒకరోజు ఆయనే ఒక కేబుల్ తెచ్చి ల్యాప్‌టాప్‌కి పెట్టి చూపించాడు. నెట్ వస్తోంది. టెస్టర్‌లో పెడితే మాత్రం ఏడు, ఎనిమిది లైట్లు వెలగలేదు. గోధుమ జత కనెక్టర్ చివరిదాకా పోలేదు. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, దానికి పదింతల వేగమైన గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. అలాంటి కేబుల్ చాలాసార్లు 100 దగ్గరే ఆగిపోతుంది. బిల్లింగ్‌లో ఆ తేడా ఎవరికీ తెలియదు. స్కానింగ్ గదిలో సీటీ బొమ్మలు డాక్టర్ సిస్టమ్‌కి వెళ్లేటప్పుడు మాత్రం నిమిషాలకు నిమిషాలు తినేస్తుంది. "పని చేస్తాంది కదా అని వదిలేస్తే, స్లో అని వచ్చే కాల్ నీకే వస్తాది" అన్నాడు.

ఇక రాత సంగతి. కాల్స్ ఎక్కించడానికి ఒక చిన్న టికెట్ సాఫ్ట్‌వేర్ ఉండేది, ఒక్కో కాల్ రికార్డును టికెట్ అంటారు. నాకంటే ముందు పనిచేసిన కుర్రాళ్ల నోట్స్ చూస్తే నూటికి ఎనభై ఒకటే మాట: రీస్టార్ట్ చేశాం, ఓకే. సీనియర్ నా కాల్స్ అలా క్లోజ్ కానిచ్చేవాడు కాదు. ఐదు సంగతులు ఉండాలనేవాడు. కౌంటర్‌లో ఉన్న మనిషి తన మాటల్లో ఏం చెప్పింది, నేను నా కళ్లతో ఏం చూశాను, ఏమేం చెక్ చేస్తే ఏం తేలింది, ఏం మార్చాను, ఎందుకయింది. చివరిది తెలియకపోతే తెలియలేదనే రాయమనేవాడు, ఊహించి రాయొద్దనేవాడు. "ఎందుకయిందో రాయకుంటే మళ్లా రేపు నువ్వే ఎక్కి రావాల పైకి" అనేది ఆయన మాట. ఆ ఆసుపత్రిలో స్టాఫ్‌కి లిఫ్ట్ లేదు, నాలుగంతస్తులు.

నోట్స్ ఇంగ్లీషులోనే రాసేవాణ్ణి. తెలుగులో చెప్పాలంటే ఒకటి ఇలా ఉండేది: ఫార్మసీ రెండో కౌంటర్. బిల్లు ప్రింటు రావట్లేదన్నారు. క్యూలో ఒక జాబ్ డిలీటింగ్ అని చూపిస్తూ అక్కడే నిలబడిపోయింది, దాని వెనక పదకొండు బిల్లులు. ప్రింట్ స్పూలర్ సర్వీస్ (ప్రింటు జాబ్‌లను వరసలో పెట్టి ప్రింటర్‌కి పంపే ప్రోగ్రామ్) ఆపి, స్పూల్ ఫోల్డర్‌లో మిగిలిన ఫైళ్లు తీసేసి, సర్వీస్ మళ్లీ స్టార్ట్ చేశాను. రెండు బిల్లులు తీసి చూశాను, వచ్చాయి. కారణం: పేపర్ ఇరుక్కున్నప్పుడు ప్రింటర్ స్విచ్ ఆపేసి, సిస్టమ్‌లో క్యాన్సిల్ కొట్టారట.

ఇంత రాయడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. కాల్స్ మీద కాల్స్ వస్తున్నప్పుడు అది బరువుగానే ఉంటుంది. దాని విలువ నాకు తెలిసింది మూడో అంతస్తు నర్సింగ్ స్టేషన్ దగ్గర. "తమ్ముడూ, మళ్లా దానంతటదే ఆఫ్ అయి ఆన్ అయింది సూడు" అని ఇన్‌చార్జ్ సిస్టర్ ఫోన్ చేసేది. అంతకుముందు ఆ సిస్టమ్‌కి ఒకరు ర్యామ్ మార్చారు, ఇంకొకరు సిస్టమ్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మార్చారు. అయినా వారం పది రోజులకు మళ్లీ అదే కాల్. నేను వెళ్లినప్పుడల్లా సిస్టర్ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయాను. ఒక మధ్యాహ్నం వాటన్నిటినీ వరసగా చదివితే, ఒక్కటి తప్ప అన్నింట్లోనూ డిశ్చార్జ్ సమ్మరీ అనే మాట ఉంది. సమ్మరీ తీస్తుంటే పోయింది, సమ్మరీ ఇచ్చాక పోయింది, ఇలా.

టేబుల్ కిందికి దూరి చూశాను. 600 వీఏ యూపీఎస్, దానికి సిస్టమ్, మానిటర్, వాటి పక్కనే లేజర్ ప్రింటర్ ప్లగ్. లేజర్ ప్రింటర్‌లో పొడి కాగితానికి అంటుకోవాలంటే లోపల ఫ్యూజర్ బాగా వేడెక్కాలి. ప్రింటు కొట్టిన క్షణంలో అది వందల వాట్లు లాగుతుంది. ఆ చిన్న యూపీఎస్ మోయగలిగేది మొత్తం మీద మూడు నాలుగు వందల వాట్లు. బ్యాటరీ పాతబడితే అదీ మోయలేదు. ప్రింటు కొట్టగానే యూపీఎస్ చేతులెత్తేస్తోంది, సిస్టమ్ పడిపోతోంది. ప్రింటర్ ప్లగ్ తీసి గోడకున్న మామూలు సాకెట్‌లో పెట్టాను. ఆ కాల్ మళ్లీ రాలేదు. సీనియర్ నా నోట్ చదివి, మిగతా అన్ని అంతస్తుల్లోనూ టేబుళ్ల కింద ప్లగ్గులు చూసి రమ్మన్నాడు. అలాంటివి ఇంకా దొరికాయి.

కొత్తగా వచ్చేవాళ్లకు నెట్‌వర్క్ అంటే భయం. నాకూ ఉండేది. సీనియర్ అది పోగొట్టిన తీరు చెబుతాను. నెట్ రావట్లేదు అనే కాల్‌ని ఆయన మెట్లుగా విడగొట్టేవాడు. పోర్టు దగ్గర లైటు వెలుగుతోందా? వెలగకపోతే కేబుల్, లేదా స్విచ్. వెలుగుతుంటే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ నంబరు) ఏం వచ్చింది? 169.254తో మొదలైతే అది సిస్టమ్ తనకు తాను పెట్టుకున్న అడ్రస్, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ నుంచి దానికి జవాబు రాలేదని అర్థం. సరైన అడ్రసే ఉంటే, బయటి నెట్‌వర్క్‌కి దారి అయిన గేట్‌వేకి పింగ్ (జవాబు వస్తుందా అని పంపే చిన్న సందేశం) వెళ్తోందా? తర్వాత బయట గూగుల్ సర్వర్ 8.8.8.8కి వెళ్తోందా? అక్కడికి వెళ్లి, వెబ్‌సైట్ పేరుతో మాత్రం తెరుచుకోవట్లేదంటే, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ చూడాలి. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఇంతవరకు బాగుంది అని రాయడం. ఎక్కడ తెగిందో తెలిశాక టెన్షన్ సగం పోతుంది. ఫోన్‌లో ఎవరు ఎంత కోపంగా ఉన్నా చేతులు వణకవు.

ఈ మెట్లన్నీ బాగుండి కూడా పని జరగని కాల్ ఒకటి ఆరోగ్యశ్రీ డెస్క్ నుంచి వచ్చేది, అదీ సోమవారాల్లోనే. ఈ ఒక్క సైట్ అని కాదు, ఏది తెరిచినా కనెక్షన్ ప్రైవేట్ కాదు అని బ్రౌజర్ ఆపేస్తుంది. ముందు వెళ్లినవాళ్ల నోట్: టైమ్ సెట్ చేశాం, ఓకే. అదే నోట్ పాత సోమవారాల్లోనూ ఉంది. నేను వెళ్లి కింద కుడి మూల గడియారం చూస్తే ఏళ్ల వెనక తేదీ చూపిస్తోంది. సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. సిస్టమ్ తేదీ దానికంటే వెనక ఉంటే, ఈ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు కదా అని బ్రౌజర్ నమ్మదు. మరి సోమవారమే ఎందుకు? శనివారం సాయంత్రం ఆ డెస్క్‌లో ఆమె ఇంటికి వెళ్తూ బోర్డు దగ్గర స్విచ్ ఆపేసి వెళ్తుంది, జాగ్రత్త గల మనిషి. కరెంటు పూర్తిగా పోయినప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద ఉండే నాణెం లాంటి సీఆర్ 2032 బ్యాటరీ. అది అయిపోయింది. యాభై రూపాయలు కూడా చేయని బ్యాటరీ. మార్చి, టైమ్ సెట్ చేసి, స్విచ్ ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ ఆన్ చేసి చూపించాను. సోమవారాలు పొద్దున ఆమె ముందు కూర్చునేవాళ్లు అంతకుముందు ఎంతసేపు కాచుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మనుషులతో మాట్లాడే తీరు కూడా పనిలో భాగమే. చేరిన కొత్తలో ఏం ప్రాబ్లం అని అడిగేవాణ్ణి. దానికి వచ్చే జవాబు ఒకటే, సిస్టమ్ పనిచేయట్లేదు అని. తర్వాత తర్వాత ఇలా అడగడం అలవాటైంది: ఎప్పటిదాకా బాగుండింది సిస్టర్, ఆ తర్వాత ఇక్కడ ఏమైనా మార్చారా, టేబుల్ జరిపారా, కొత్త సామాను పెట్టారా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఇంజెక్షన్లు ఇచ్చే వేళ నర్సుని పిలిచి చూపించమనను, పక్క సిస్టమ్ వాడుకోమని చెప్పి నా పని నేను చేసుకుంటాను. ఎవరైనా పాస్‌వర్డ్ చెప్పబోతే వద్దని, మీరే కొట్టండి అని అటు తిరిగి నిలబడతాను. పేషెంట్ల వివరాలు ఉన్న చోట ఇది మర్యాద మాత్రమే కాదు. ఒకరి లాగిన్‌తో ఏం జరిగినా దానికి వాళ్లే బాధ్యులవుతారు.

చదువు రాత్రిళ్లు సాగింది. బుధవారపేటలో ముగ్గురం కలిసి ఉన్న రూములో, షాపు యజమాని తక్కువకే ఇచ్చిన పాత డెస్క్‌టాప్ ఒకటి, 8 జీబీ ర్యామ్. ఒక కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడిపించే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ సర్వర్ వేసుకున్నాను. దాని ట్రయల్ కాపీ 180 రోజులు ఉచితంగా నడుస్తుంది. అకౌంట్లన్నీ ఒకచోట నుంచి నడిపే యాక్టివ్ డైరెక్టరీ పెట్టి, యూజర్లను తయారుచేసి, వాళ్ల అకౌంట్లు లాక్ చేసి, తీసి, పాలసీలు పెట్టి చూసేవాణ్ణి. సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ కూడా ఉచితమే. స్విచ్చులు, రౌటర్లు కొనకుండా స్క్రీన్ మీదే కలిపి నెట్‌వర్క్ కట్టవచ్చు. తెలుగులో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, మొదటి అవగాహనకు అవి చాలా సాయం చేశాయి. కానీ ఎర్రర్ మెసేజ్, దాని మీద మైక్రోసాఫ్ట్ రాసిన పేజీ ఇంగ్లీషులోనే ఉంటాయి. అవి అర్థం కావడానికి రోజూ రాసిన టికెట్ నోట్సే నాకు ఇంగ్లీషు పాఠాలయ్యాయి. చేసిన పనినే రాస్తాం కాబట్టి మాట వెతుక్కోవడం తేలిక.

వేసవి గురించి ఒక్క మాట. కర్నూలు ఎండ గురించి నేను చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే హ్యాంగ్ కాల్స్‌లో సగం దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాన్లవే. ఇప్పుడు మార్చిలోనే బ్లోయర్ పట్టుకుని అన్ని సిస్టమ్‌లు ఊదేస్తాం.

నేను ఒక మెట్టు పైకి ఎక్కింది విండోస్ 10 వల్ల. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని ముందే తెలుసు. ఆ తేదీ దాటితే, డబ్బు కట్టి అదనపు కాలం తీసుకుంటే తప్ప, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఆసుపత్రిలో అంత రిస్క్ పెట్టుకోలేం. విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆపైది కావాలి. అప్పటికి సీనియర్ బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మొత్తం సిస్టమ్‌లు మార్చేయాలంటే ఎంతవుతుందో చెప్పమని మేనేజ్‌మెంట్ అడిగింది. షాపు వాళ్ల దగ్గర ఉన్నది పాత కొనుగోలు బిల్లుల కట్ట ఒక్కటే.

నా దగ్గర నోట్స్ ఉన్నాయి. ఏ టేబుల్ మీద ఏ మోడల్, ఎంత ర్యామ్, ఎప్పుడు ఏ పార్టు మారింది, అన్నీ టికెట్లలో రాసి ఉన్నవే. వాటిని ఎక్సెల్‌లో పెట్టుకుని, ఒక్కో వార్డు తిరిగి సరిచూశాను. టీపీఎం లేదని చూపించిన సిస్టమ్‌లు చాలావాటిలో అది లేక కాదు, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగులు) ఆఫ్ చేసి ఉంది. ఆన్ చేస్తే సరిపోయింది. కొన్నింటికి హార్డ్ డిస్క్ కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచితే చాలు. నిజంగా మార్చాల్సినవి అందరూ అనుకున్నదానికంటే చాలా తక్కువ తేలాయి. ఆ షీటు పట్టుకుని ఎండీ డాక్టర్ గారి ముందు కూర్చున్నప్పుడు ఆయన అడిగిన ప్రతిదానికీ జవాబు అందులో ఉంది. ముందు బిల్లింగ్, ఐసీయూ, తర్వాత వార్డులు, ఆఖర్న ఆఫీసు గదులు అని విడతలుగా డబ్బు ఇచ్చారు. ఆ పని నడుస్తుండగానే ఆసుపత్రి సొంతంగా ఐటీ విభాగం పెట్టుకుంది, నన్ను తమ రోల్స్‌లోకి తీసుకుంది.

ఒక ఎక్స్‌రే యంత్రం పక్కనున్న సిస్టమ్ మాత్రం లొంగలేదు. ఆ యంత్రం సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీదే నడుస్తుంది, కంపెనీ ఒప్పుకోకుండా దాన్ని మార్చకూడదు. 2017 మే నెలలో వచ్చిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై లాంటిది ఒకటి లోపలికి వస్తే, అప్‌డేట్లు లేని సిస్టమ్‌లే మొదట బలవుతాయి. అందుకని దాన్ని విడిగా ఒక వీలాన్‌లో (స్విచ్ మీద మిగతావాటి నుంచి విడగొట్టిన నెట్‌వర్క్) పెట్టాను. బొమ్మలు నిలవ ఉండే సర్వర్‌తో తప్ప ఇంకెవరితోనూ అది మాట్లాడలేదు, ఇంటర్నెట్ లేదు, యూఎస్‌బీ పోర్టులు మూసేశాం. రూములో ప్యాకెట్ ట్రేసర్ మీద ఎన్నోసార్లు కట్టి విప్పిన పనే, నిజం స్విచ్ మీద చేసేటప్పుడు మాత్రం రేడియాలజీ ఖాళీగా ఉండే అర్ధరాత్రి దాకా ఆగాను. చేసిన ప్రతి కమాండ్, దాన్ని వెనక్కి తీసే కమాండ్, రెండూ ముందే కాగితం మీద రాసుకున్నాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, అందరూ అడిగేది అదే. ఇప్పుడు నాకు 27 వేలు వస్తోంది. నాతో చదివి హైదరాబాద్‌లో సర్వీస్ డెస్క్‌లో ఉన్నవాళ్లకు ఇంతకంటే ఎక్కువే, నైట్ షిఫ్ట్ అలవెన్స్ వేరే. పెద్ద కంపెనీలో సపోర్ట్‌కి ఎల్1, ఎల్2 అని మెట్లు స్పష్టంగా ఉంటాయి, ఎస్కలేషన్, అంటే తేలని కాల్‌ని పైమెట్టుకి పంపడం, ఎవరికి, ఎంతసేపట్లో అనేది రాసి ఉంటుంది. అవి నేర్చుకోవాల్సినవే. కాకపోతే అక్కడ మొదటి రెండేళ్లు పాస్‌వర్డ్ రీసెట్లతోనే గడిచిపోయినవాళ్లు నాకు తెలుసు. ఇక్కడ కేబుల్ దగ్గర నుంచి సర్వర్ దాకా నా చేతుల మీదుగా పోయింది. ఎవరైనా నన్నడిగితే, ఇలాంటి చోట రెండేళ్లు చేసి, ఆ నోట్స్ పట్టుకుని పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లమంటాను. యూజర్‌కి వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదు, ఏం చేస్తావు అనే ప్రశ్న అక్కడ తప్పకుండా వస్తుంది. దానికి చెప్పడానికి మీ దగ్గర నిజంగా జరిగిన కథ ఉండాలి. నేను కూడా సిస్కో వాళ్ల నెట్‌వర్క్ సర్టిఫికెట్ సీసీఎన్ఏకి తయారవుతున్నాను. పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. ఒకసారి పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. ఆ డబ్బు నెలనెలా పక్కన పెడుతున్నాను.

ప్రస్తుతం చేతిలో ఉన్న పని బ్యాకప్. బిల్లింగ్ డేటాబేస్ బ్యాకప్ రోజూ రాత్రి పడుతోందని స్క్రీన్ మీద పచ్చగుర్తు వస్తుంది. అందులోంచి డేటా తిరిగి తీసి చూసినట్టు పాత నోట్స్‌లో ఒక్క చోట కూడా లేదు. ఖాళీ సర్వర్ ఒకటి దొరికింది. ఈ ఆదివారం రాత్రి దాని మీద రీస్టోర్ చేసి, శనివారం నాటి బిల్లులు కొన్ని తీసి, అకౌంట్స్ మేడమ్ దగ్గరున్న ప్రింటు కాపీలతో ఒక్కొక్కటీ సరిచూడాలి.